పునాది కుంగలేదు

పునాది కుంగుతోందని చెప్పాను. అది కుంగలేదు. కుంగడం లేదని ఆ మాట చెప్పేటప్పుడే నాకు తెలుసు.

ఇంతే. పదేళ్లకు పైగా లోపల పెట్టుకుని తిరిగింది ఇదే. కాగితం మీద పెడితే ఇంత చిన్నగా ఉందేమిటని నాకే వింతగా ఉంది. లోపల ఉన్నప్పుడు ఇంత చిన్నగా లేదు. ఎవరింటికి వెళ్లినా మనుషుల మొహాలకంటే ముందు గోడలు చూసేవాణ్ణి. ఫోన్ మోగితే ఆ మాట నమ్మిన ఆమేనేమో అనుకునేవాణ్ణి. ఏటా వానలు దగ్గర పడుతుంటే కాళ్లూ చేతులూ చల్లబడేవి. మా ఆవిడ సుగుణ దాన్ని బీపీ అనుకుంది. డాక్టరూ అదే అన్నాడు. నేను కాదనలేదు.

నా పేరు చెప్పను. సూరత్‌లో తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం, కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియనంత మందిమి కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మిమ్మల్ని ఏమీ అడగను. చదివితే చాలు.

నాది విజయనగరం వైపు. ఉద్యోగమంతా ఇక్కడే గడిచింది, ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో. సిబ్బంది క్వార్టర్ల మరమ్మతులు చూసే ఇంజనీర్ని. కారే స్లాబులు, పెచ్చులూడే గోడలు, తుప్పు పట్టిన గొట్టాలు, వీటి మధ్యే బతికాను. గోడను వేలి కణుపుతో తట్టి, చప్పుడు విని, లోపల ఎలా ఉందో చెప్పడం అలవాటైంది. ఈ సంగతి మనవాళ్లలో ఎలా పాకిందో గానీ, సెలవురోజు వచ్చిందంటే ఎవరో ఒకరు గుమ్మంలో ఉండేవారు. హజీరా కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు అడాజన్ వైపు ఫ్లాట్ కొనే ముందు కారులో తీసుకెళ్లేవారు. పాండేసర, బమ్రోలి వైపు మగ్గాల మీదా డైయింగ్ మిల్లుల్లోనూ పనిచేసే తెలంగాణవాళ్లు స్కూటర్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్లేవారు.

ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. టీ తాగేవాణ్ణి, చూసింది చెప్పేవాణ్ణి. చెమ్మ ఉన్న గోడకు రంగు వేయకండి, ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టండి. వానలకు ముందు డాబా ఎక్కి నీళ్లు దిగే గొట్టం నోట్లో చెత్త తీయండి, సగం ఇళ్లు కారేది దానివల్లే. బాత్రూం గోడకు అవతల బీరువా ఆనించి పెట్టకండి. ఇలాంటివే. వీటికి పెద్ద చదువేం అక్కర్లేదు. కానీ నమ్మేవాళ్లు. ‘సారు చూసిండు’ అంటే ఇక ఆ ఇంటి గురించి ఇంకొకర్ని అడిగేవారు కాదు. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది. అదీ ఒప్పుకోవాలి.

భాగ్య అలాగే వచ్చింది. వాళ్లది కరీంనగర్ వైపు. భర్త రాజేశం పాండేసరలో ఒక మిల్లులో రంగుల పని చేసేవాడు. ఆమె రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి చీరలు తెచ్చుకుని ఇంట్లోనే వాటికి మెరుపు రాళ్లు అద్దేది. ఒక్కతే కూతురు, స్రవంతి, అప్పటికి బడికి పోయే పిల్ల. బమ్రోలిలో వరసగా కట్టిన చిన్న ఇళ్లలో చివరిది అమ్మకానికి వచ్చిందని, ఒకసారి చూడమని అడిగారు. చూశాను. మూల ఇల్లు. రెండు పక్కల నుంచి గాలి. ముందు కాస్త ఖాళీ స్థలం. కట్టినవాడు ఎవడో గానీ నిజాయితీగా కట్టాడు. ధైర్యంగా తీసుకోండి, గట్టి ఇల్లు అన్నాను. నా నోటితో నేనే అన్నాను. తీసుకున్నారు.

ఆ మాట చెప్పి ఇంటికొచ్చాక సుగుణ ఒకటి అడిగింది. అంత మంచి ఇల్లయితే మనమే ఎందుకు తీసుకోలేదండీ అని. మామూలుగానే అడిగింది, కూరలు తరుగుతూ. నేను నవ్వేశాను. అప్పట్లో నాకు రిటైర్మెంట్ ఇంకా దూరంగా కనిపించేది.

తర్వాత ఊరు పరుగెత్తింది. ఆ పక్క రోడ్డు వెడల్పయింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. నిన్న చూసిన ఇంటి ధర ఇవాళ అడిగితే దలాల్ నావైపు జాలిగా చూసేవాడు. ఊరందరి ఇళ్లకూ సలహాలు చెప్పిన నాకు క్వార్టర్ ఖాళీ చేశాక తల దాచుకునే చోటు లేదు. చూసిన ప్రతి ఇంట్లో ఏదో ఒక లోపం కనిపించేది. లోపం లేనిది నా అందుబాటులో ఉండేది కాదు. ఆ పక్కగా బస్సులో పోతున్నప్పుడల్లా నా కళ్లు ఆ మూల ఇంటి మీదికి పోయేవి. నేను ఎంచిన ఇల్లు. వేరేవాళ్లు ఉంటున్నారు. అసూయ అంటారా? అంతకంటే కొంచెం నీచమైనదే అది. నా వస్తువేదో వాళ్ల దగ్గర ఉండిపోయినట్టు అనిపించేది.

ఒక వానాకాలం భాగ్య ఫోన్ చేసింది. గోడ పగిలింది, ఒకసారి రమ్మంది.

వెళ్లాను. రాజేశం డ్యూటీలో ఉన్నాడు. లోపలి గదిలో, కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక బీట, పైన దూలం కింద అడ్డంగా ఇంకోటి. చూడగానే తెలిసింది. తట్టి చూడనక్కర్లేకుండానే తెలిసింది. కాంక్రీటు దూలం, ఇటుక గోడ ఎండకూ వానకూ ఒకేలా సాగవు, కలిసేచోట విడిపోతాయి. కిటికీ మూలల్లో మామూలుగానే బీట వస్తుంది. ఇంటి బరువు మోసేది ఆ గోడ కాదు. బీట వెంబడి గీకి, తడిపి, సన్నటి ఇనుప జాలీ కొట్టి, సిమెంటు పూసి రంగు వేసుకుంటే సరిపోతుంది. మేస్త్రీకి ఒక్కరోజు పని. ఈ మాట అప్పటికి ఎన్ని ఇళ్లలో చెప్పానో లెక్కలేదు.

భాగ్య నా పక్కన నిలబడింది. చేతికి రాళ్లు అద్దే జిగురు అంటుకుని ఉంది.

“సారూ, జర నిజం చెప్పుండ్రి. గోడ కూలుతదా?”

నేను బీట మీద వేలు పెట్టి కింది దాకా జరిపాను. ఆ కొద్దిసేపు నాలో ఏం జరిగిందో ఇప్పటికీ తవ్వుకుంటూనే ఉన్నాను. ఈ ఇల్లు కాజేయాలని అనుకున్నానా? ఆ మాటల్లో అనుకోలేదు. కానీ నోరు తెరిచేసరికి వచ్చింది వేరే మాట.

“పైపైన చూస్తే తెలియదమ్మా. కింద పునాది కుంగుతున్నట్టుంది. ఇది నల్లరేగడి నేల కదా, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది.”

“గప్పుడు మంచిగున్నదంటిరి గద.”

“అప్పుడు కనిపించలేదు.”

ఆమె ఆ గోడకు ఆనించి ఉన్న మంచం వైపు చూసింది. “పిల్ల గీడనే పండుకుంటది సారూ.”

నేను గోడవైపే చూస్తూ అన్నాను. “ఇకనుంచి పడుకోబెట్టకండి.”

ఆ చివరి మాట ఎందుకు అన్నాను? అక్కడితో ఆగి, మళ్లీ ఒకసారి వచ్చి చూస్తానని బయటపడి ఉండొచ్చు. మర్నాడు వచ్చి పొరపాటు పడ్డానమ్మా అని దిద్దుకోవచ్చు. పిల్లను మంచం మీద నుంచి తీయమని చెప్పాక దిద్దుకునే దారి లేదు. ఆ దారి నేనే మూసుకున్నాను. తెలిసే మూశానని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. బీటలు ఏ ఇంటికి లేవు, జర సిమెంటు పెడితే అయితది అన్నాడట రాజేశం. అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. భాగ్య వినలేదు. ఇంజనీరు సారు చెప్పినంక నీకెక్కువ తెలుసా అని, పిల్ల పానం మీద నీకు ఫికర్ లేదని తిట్టింది. ఇవన్నీ ఆమే వచ్చి సుగుణకు చెప్పుకునేది. నేను పక్క గదిలో పేపర్ చదువుతున్నట్టు కూర్చుని వినేవాణ్ణి. ఒకరోజు రాజేశం కూడా వచ్చాడు. సారూ, ఇంకో పాలి జూడుండ్రి అని బతిమాలాడు. మళ్లీ వెళ్లాను. మళ్లీ అదే చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టంగా లేదు. ఈ సంగతి తలుచుకుంటేనే నాకు ఇప్పుడు ఎక్కువ భయం వేస్తుంది.

అమ్మేద్దామని నిర్ణయించుకున్నారు. ఇక్కడ నేను అనుకోనిది జరిగింది. ఇల్లు చూడటానికి వచ్చిన ప్రతివాడికీ భాగ్య ముందే చెప్పేసేది, పునాది కుంగుతున్నది అని. దలాల్ తల బాదుకున్నాడు. రంగు వేసి ఊరుకోమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మా పిల్ల పానం పానమే, కొనుక్కునేటోళ్ల పిల్లల పానం పానం కాదా అందట. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు. రోడ్డు మీద అందరి ఇళ్ల ధరలూ పెరుగుతుంటే ఆ ఒక్క ఇంటి ధర దిగుతూ పోయింది.

అప్పుడు నేను వెళ్లి, నేనే తీసుకుంటానన్నాను. మేం ఇద్దరమే కదా, చిన్నపిల్లలు లేరు, పునాదికి ఏం చేయాలో నాకు తెలుసు అన్నాను. భాగ్య ఏడ్చింది. మాకోసం గింత ఆపద మీద ఏసుకోవద్దు అని సుగుణ చేతులు పట్టుకుంది. దస్తావేజు అయిన రోజు కూడా, ఇప్పుడైనా ఆలోచించుండ్రి అంది. నేను పెద్దమనిషిలా తల ఊపాను. ఊరికి వెయ్యి విధాల సాయం చేసిన మనిషి ఎలా తల ఊపుతాడో అలా.

ఆ శ్రావణం నుంచి ఆమె ప్రతి రాఖీకి మా ఇంటికి వచ్చింది. సారూ అనడం మానేసి అన్నా అని పిలవడం మొదలుపెట్టింది. నా చేతికి రాఖీ కట్టి, మీరు చెప్పబట్టి మా పిల్ల బతికింది అనేది. ప్రతి ఏడాదీ అనేది. నేను ఆ చెయ్యి చాపుకుని కూర్చునేవాణ్ణి.

ఇంట్లో చేరే ముందు పునాదికి మరమ్మతు చేయించినట్టు కనిపించాలి కదా. మేస్త్రీని పెట్టి మూల దగ్గర గొయ్యి తవ్వించాను. పునాది చక్కగా, చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కన అవసరం లేని కాంక్రీటు పోయించి పూడ్పించాను. లోపల బీటలకు జాలీ కొట్టి పూయించాను. ఒక్కరోజు పని, నేను అనుకున్నట్టే. సుగుణకు కూడా నిజం చెప్పలేదు. ఎంత కష్టమైన ఇంటిని నిలబెట్టారండీ అని ఆమె మురిసిపోయింది.

ఇంకో సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో చేరాక, పాత బీట ఉన్నచోట ఒక సన్నటి గాజుముక్కను అడ్డంగా అతికించాను. మా పనిలో అదొక పద్ధతి. గోడ కదులుతుంటే గాజు పగులుతుంది. మామూలుగా అది పగలకూడదని చూస్తారు. నేను పగలాలని చూశాను. రోజూ పొద్దున లేచి ముందు అటే వెళ్లేవాణ్ణి. ఎక్కడైనా చిన్న గీత పడితే, నిజంగానే పునాది కాస్త కదిలితే, నేను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది. నేను ఉంటున్న ఇల్లు, నా భార్య నిద్రపోతున్న ఇల్లు కుంగాలని కోరుకున్నాను. అది పగల్లేదు. భారీ వానలు పడ్డాయి, వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి, అప్పుడు కూడా పగల్లేదు.

భాగ్య వాళ్లు అద్దె ఇంట్లోకి మారారు. ఆ ఇంటి గోడకు బీట కనిపించిందని ఇంకో ఇంటికి. అక్కడ స్లాబులో ఏదో చప్పుడైందని మరో చోటికి. ఎక్కడున్నా మంచాలు గది నడిమధ్యలో వేసేవారని స్రవంతి ఒకసారి నవ్వుతూ చెప్పింది. చేతికొచ్చిన కాస్తా అద్దెలకూ మార్పులకూ కరిగిపోయింది. కొందామనుకున్న ప్రతిసారీ ధర వాళ్లకంటే ముందు ఉండేది. ధర కుదిరినా భాగ్యకు గోడలో ఏదో కనిపించేది. రాజేశం క్రమంగా మాట్లాడటం మానేశాడు. పొద్దున వెళ్లడం, రాత్రి రావడం. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎవరి పళ్లెం వాళ్లు పెట్టుకుని తినేవారు. సొంతిల్లు అమ్మిపిచ్చినవు అని అతను, పిల్లను సంపుకుంటుంటివి అని ఆమె. వాళ్ల మధ్య మిగిలిన మాటలు ఆ రెండే అని ఆమె చెప్పేది. నేను ఆమె ఇల్లు తీసుకున్నానని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమెకు ఒకటి ఇచ్చాను కూడా. భయం. దాన్ని ప్రతి అద్దె ఇంటికీ మోసుకుపోయింది.

ఈ ఏడాది వానలు ఆగాక భాగ్య ఫోన్ చేసింది. స్రవంతికి ఉద్యోగం వచ్చింది, సూరత్‌లోనే పాల్ వైపు ఎత్తైన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూసుకుంది, బ్యాంకు లోన్ మంజూరైంది. హాల్లో గోడకు సన్నటి బీట కనిపించిందట. భాగ్య కూతుర్ని సంతకం పెట్టనివ్వడం లేదు. అన్నా, మీరు జూసి చెప్తెనే అంది.

వెళ్లాను. లిఫ్టులో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. బీట చూశాను. కొత్త పూత ఆరేటప్పుడు వచ్చే గీత, వెంట్రుకంత. స్రవంతి విసుగ్గా, అంకుల్, యే తో ఖాలీ ప్లాస్టర్ హై నా, వట్టి పూత గీతే కదా, మీరే అమ్మకు చెప్పండి అంది. అవునమ్మా, ఏమీ కాదు, పుట్టీ పెడితే పోతుంది అన్నాను. నిజం చెప్పాను. గుండె కాస్త కుదుటపడింది.

భాగ్య మాత్రం అక్కడితో ఆగలేదు. గోడ దగ్గరికి వెళ్లి వేలితో ఆ గీతను తడిమింది. మా ఇంట్ల బీట గూడ గిట్లనే ఉండె గదన్నా, అది గంత ఖతర్నాక్ ఎట్లయింది, ఇది ఏమీ ఎట్ల కాదు అని అడిగింది. అనుమానంతో కాదు. నేర్చుకుందామని అడిగింది. కూతురు ఉండబోయే ఇంట్లో దేనికి భయపడాలో, దేనికి భయపడక్కర్లేదో తెలుసుకుందామని.

అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. అది వేరే నేల, ఇది వేరే కట్టుబడి. ఆమె నమ్మేది. నమ్మి, మళ్లీ రాఖీకి వచ్చేది. ఆ అబద్ధాలు ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. ధైర్యం కాదు. అలసిపోయాననుకుంటాను.

ఆ ఇంట్లో కూడా ఏమీ కాలేదమ్మా అన్నాను. పునాది కుంగలేదు, నాకు అప్పుడే తెలుసు, ఇల్లు నాకు కావాలనిపించి అలా చెప్పాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. స్రవంతికి అర్థమైంది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు నేను రాయలేను. నేను ఆగకుండా మాట్లాడాను. ఇల్లు తిరిగి మీ పేరున రాసిస్తాను, రేపే రాసిస్తాను, ఇన్నాళ్ల అద్దె లెక్క కట్టి ఇస్తాను అని ఏవేవో. భాగ్య చెయ్యి ఎత్తి ఆపమంది. కింద గచ్చు మీద కూర్చుంది. అక్కడి నుంచే నావైపు చూసి అంది.

“కుంగుతున్నదని చెప్పింది మీరే. కుంగలేదని చెప్పేది మీరే. నేను ఏది నమ్మాలె సారూ?”

మళ్లీ సారూ అంది. గాజుముక్క సంగతి చెబుదామనుకున్నాను. దాన్నైనా ఆమె ఎందుకు నమ్మాలి?

తర్వాత, నాతో కాదు, తనలో తను అన్నట్టుగా అంది.

“ఇన్నేండ్లు ఆయననే తప్పు పట్టిన. ఇప్పుడు పోయి ఆయనకేం చెప్పాలె?”

స్రవంతి ఆమెను లేపి తీసుకెళ్లింది. తిట్టలేదు. నన్ను లిఫ్టులోకి రానిచ్చారు కూడా, కానీ నేనే మెట్లు దిగి వచ్చాను.

ఆ సాయంత్రం సుగుణకు చెప్పాను. అంతా విని, స్టవ్ ఆర్పి, కుర్చీలో కూర్చుంది. ఈ ఇంట్లో నేను ఎలా ఉండేదండీ అని మాత్రం అడిగింది. మర్నాటి నుంచి నాకు అన్నం పెడుతోంది, మందులు ఇస్తోంది. మాట మాత్రం లేదు. ఇల్లు రాసిస్తానని స్రవంతికి రెండుసార్లు కబురు పంపాను. జవాబు రాలేదు. ఆ ఫ్లాట్ తీసుకున్నారో లేదో తెలియదు. రాజేశానికి భాగ్య చెప్పిందో లేదో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. రాజేశం ఎదురుపడితే తల ఎత్తలేను. అయినా అతని దగ్గరికి నేనే వెళ్లాలి. ఆమెతో చెప్పించకూడదు. వెళతాననే అనుకుంటున్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు, అందుకే మీకు కూడా మాట ఇవ్వడం లేదు.

చేసింది మాత్రం చెప్పేశాను. కప్పకుండా, తగ్గించకుండా. అవసరం పడి చేశానని, వయసు పైబడి చేశానని అనడం లేదు. తెలిసి చేశాను. ఇది రాస్తుంటే చాలా ఏళ్ల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.

భాగ్యకు ఇంకా అలా ఆడటం లేదని తెలిసి కూడా.